పన్నెండు నెలలూ బండి మీదే ఆఫీసు: వాన కోటుతో కాపురం ఎలా చేస్తున్నారు?

ఉప్పల్_బండి
జూన్ 14, రాత్రి 10:20

మృగశిర వచ్చింది, నా కష్టాలూ వచ్చాయి. ఉప్పల్ నుంచి గచ్చిబౌలి, పోను రాను దాదాపు 60 కిలోమీటర్లు, వారానికి ఐదు రోజులు. 150 సీసీ బండి. ఎండైనా వానైనా చలైనా ఇదే.

మొన్న తార్నాక దాటాక చినుకు మొదలైంది. ఫ్లైఓవర్ కింద ఆగి, ఇంకో వందమంది మధ్యలో ఒంటికాలి మీద గెంతుతూ రెయిన్‌కోటు తొడుక్కున్నాను. బేగంపేట వచ్చేసరికి తొడల మధ్య చల్లగా తగిలింది. ఆఫీసుకెళ్లి మీటింగులో కూర్చుని లేస్తే కుర్చీ మీద తడి మరక. ఎవరూ ఏమీ అనలేదు, కానీ అందరూ చూశారు.

ఇక పంచాయితీ వద్దు, ఒకేసారి మంచిది కొనేద్దాం అనుకుంటున్నాను. మోచేతుల దగ్గరా భుజాల దగ్గరా గార్డులు ఉండాలి, లోపల వాటర్‌ప్రూఫ్ లైనర్ ఉండాలి, ఎండాకాలం ఆ లైనర్ తీసేస్తే గాలి ఆడాలి. ఒక్క జాకెట్టే పన్నెండు నెలలకీ సరిపోవాలి. 20 వేల దాకా పెట్టగలను. నిజంగా రోజూ వాడేవాళ్లు చెప్పండి. యూట్యూబ్ రివ్యూలు చూసి చూసి విసుగొచ్చింది. వాళ్లందరూ బకెట్టుతో నీళ్లు పోసుకుని చూపిస్తారు, నలభై నిమిషాలు ట్రాఫిక్‌లో కూర్చోరు.

మెట్రో_మామ
జూన్ 14, రాత్రి 10:31

నాగోలు–రాయదుర్గం మెట్రో మీ ఉప్పల్ మీదుగానే పోతుంది కదా తమ్ముడూ. ఏసీలో కూర్చుని పోవచ్చు.

ఉప్పల్_బండి
జూన్ 14, రాత్రి 10:40

ఎవరో ఒకరు అంటారని తెలుసు మామా, పదకొండు నిమిషాలు ఆగారు. రెండు వారాలకోసారి నైట్ షిఫ్టు, ఇల్లు చేరేసరికి ఒంటిగంట. ఆ టైముకి మెట్రో ఉండదు.

మెష్_మనిషి
జూన్ 15, ఉదయం 7:05

లోపల లైనర్ ఉన్న జాకెట్ నేను మూడేళ్లు వాడాను. కొనేముందు ఈ సంగతి ఒకసారి ఆలోచించండి.

వాటర్‌ప్రూఫ్ పొర లోపల ఉందంటే అర్థం ఏమిటి? మీ ఒళ్లు తడవదు, జాకెట్ మాత్రం నిండా తడుస్తుంది. పైన ఉన్న మెష్ బట్ట (గాలి ఆడే జాలీ బట్ట), గార్డుల చుట్టూ ఉన్న స్పాంజి, బయటి జేబులు అన్నీ నీళ్లు పీల్చుకుంటాయి. ఆఫీసుకి చేరేసరికి రెండు కిలోల జాకెట్ కాస్తా తడి దుప్పటిలా తయారవుతుంది. సాయంత్రానికి ఆరదు. మళ్లీ ఆ తడి జాకెట్టే తొడుక్కుని ఇంటికి. బయటి జేబులో లైసెన్సు పెట్టుకుని మర్చిపోతే దాని గతి చెప్పక్కర్లేదు.

పైగా లైనర్ తగిలించాలంటే ముందు జాకెట్ విప్పాలి. వానలో, రోడ్డు పక్కన, చుట్టూ ఉన్న చిన్న చిన్న జిప్పులు వెతుక్కుంటూ. నేను ఎన్నిసార్లు "ఏం పర్లేదులే, చిన్న తుంపరే" అనుకుని తడిశానో లెక్కలేదు.

ఇప్పుడు మామూలు మెష్ జాకెట్, దాని మీద పల్చటి రెయిన్ సూటు. ఖర్చు మీరు అనుకున్నదాంట్లో సగం.

లీడ్స్_గోదారి
జూన్ 15, మధ్యాహ్నం 2:48

నేను ఇంగ్లండులో లీడ్స్‌లో ఉంటాను, సొంతూరు రాజమండ్రి. ఆరేళ్లుగా ఏడాది పొడవునా బండి మీదే పనికి వెళ్తున్నాను. కాబట్టి ఖరీదైన జాకెట్ల తరఫున నాలుగు మాటలు.

పొర లోపల వేలాడేసే రకం ఒకటి. మెష్_మనిషి గారు చెప్పింది దాని గురించి, చెప్పిందంతా నిజం. రెండోది, పొరని నేరుగా బయటి బట్టకే అతికించే రకం. ఇక్కడ దాన్ని లామినేట్ అంటారు. బయట నీళ్లు నిలవవు, ఇంటికొచ్చి దులిపి తగిలిస్తే అరగంటలో ఆరుతుంది. నాది గోర్‌టెక్స్ (వాన నీళ్లని ఆపి, చెమట ఆవిరిని బయటికి వదిలే పొర) లామినేట్, మన డబ్బుల్లో 50 వేలు దాటింది. నవంబరులో ఉదయం ఏడింటికి చీకటి, 5 డిగ్రీలు, సన్నటి జల్లు ఆగకుండా పడుతుంటే ఆ 50 వేలూ గిట్టుబాటు అనిపిస్తాయి. ఇక్కడ తడి కంటే చలి భయం. తడిసిన బట్ట మీద గాలి కొడితే పావుగంటలో వేళ్లు మొద్దుబారతాయి, బ్రేకు సరిగా పట్టుకోలేం.

ఇప్పుడు అసలు విషయం. రెండేళ్ల క్రితం జులైలో ఇంటికొస్తూ గొప్ప కోసం దాన్ని తెచ్చుకున్నాను. మా బావమరిది బండి మీద కొవ్వూరు దాకా వెళ్లొచ్చాను, మంచి వాన. విప్పి చూస్తే చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. కోటు కారిందనుకున్నాను. కారలేదు, అదంతా నా చెమటే. మా అత్తగారు చూసి "ఇంత డబ్బు పోసి తడవడం ఎందుకు బాబూ, ఊరికే తడవొచ్చు కదా" అన్నారు.

విశాఖ_ఉప్పుగాలి
జూన్ 15, సాయంత్రం 6:15

మీ అత్తగారు చెప్పిందానికి లెక్క ఉందండీ. పాలిటెక్నిక్‌లో ఫిజిక్స్ చెప్తాను, ఊరుకోలేను.

ఆ పొర చెమటని బయటికి తోస్తుంది అంటారు గానీ, అది తోయదు. లోపల ఆవిరి ఒత్తిడి ఎక్కువ, బయట తక్కువ ఉంటేనే ఆవిరి తనంతట తాను బయటికి పోతుంది. చర్మం దగ్గర 33 డిగ్రీలు, చెమటతో నిండిన గాలి అనుకుందాం. అక్కడ ఆవిరి పీడనం దాదాపు 50 మిల్లీబార్లు. లీడ్స్‌లో 8 డిగ్రీలు, 90 శాతం తేమ అయితే బయట దాదాపు 10. తేడా 40. అదే మన జులై వానలో 26 డిగ్రీలు, 95 శాతం తేమ వేసుకోండి. బయట దాదాపు 32. తేడా 18 మాత్రమే. అంటే అదే కోటు, అదే మనిషి, ఆవిరిని తరిమే బలం సగానికి తగ్గిపోయింది. మనకి పట్టే చెమటేమో రెట్టింపు.

పైగా బయటి బట్ట మీద నీళ్లు జారిపోయేలా ఒక పూత ఉంటుంది. ఆ పూత అరిగిందంటే బట్ట నీళ్లు తాగుతుంది, నీటి పొర కప్పేస్తుంది, ఇక ఆవిరి అసలే పోదు. చాలామంది "కోటు కారుతోంది" అనుకునేది ఇదే.

అందుకే లేబుల్ మీద 10,000 మిల్లీమీటర్లు అని రాసుందా, 20,000 అని రాసుందా అని కొట్టుకోకండి. బట్ట ఎంత ఎత్తు నీటి స్తంభాన్ని ఆపగలదు అన్నదే ఆ అంకె. ఎంత పెద్ద అంకె రాసినా కుట్టు మీద సూది చిల్లులు మూసే టేపు లేకపోతే సున్నాతో సమానం.

మా ఊళ్లో ఇంకో తద్దినం ఉంది, ఉప్పు గాలి. ఇనప జిప్పు రెండో ఏడాదికి బిగుసుకుపోతుంది. బీచ్ రోడ్డు వైపు తిరిగేవాళ్లు ప్లాస్టిక్ జిప్పు ఉన్నదే కొనుక్కోండి.

డెలివరీ_తమ్ముడు
జూన్ 15, రాత్రి 11:52

అన్నలు పెద్ద పెద్ద లెక్కలు చెప్పారు, బాగుంది. నేను కూకట్‌పల్లి చుట్టుపక్కల రోజుకి పది పన్నెండు గంటలు బండి మీదే ఉంటాను, నాలుగు వానాకాలాలు అయ్యాయి. నా దగ్గర ఉన్న కోట్లు చెప్తాను.

మొదట రోడ్డు పక్కన 600కి పీవీసీ సూటు కొన్నా. నీళ్లు చుక్క రాదు, కానీ లోపల ఉడికిపోతాం. పైగా మడతల దగ్గర రెండు నెలలకే పగిలింది. తర్వాత 1,800 పెట్టి లోపల పీయూ (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్) పూత ఉన్న నైలాన్ సూటు కొన్నా. రెండు సీజన్లు వచ్చింది. ఇప్పుడు రెండు సూట్లు మార్చి మార్చి వాడుతున్నా. ఒకటి తడిస్తే ఒకటి ఆరుతుంది. 20 వేలది ఒకటి కొనే బదులు 2 వేలవి రెండు కొను అన్నా.

ఇంక కొన్ని చేతిపనులు:

చినుకు పడ్డాక కాదు, మబ్బు చూసి తొడుక్కోవాలి. ఫ్లైఓవర్ కింద ఆగి తొడుక్కునేవాడు సగం తడిసే తొడుక్కుంటాడు. లోపల తడి, బయట ప్లాస్టిక్, ఇక అది ఇడ్లీ పాత్రే. పైగా అక్కడ మనం ఆగడం వల్ల వెనక ట్రాఫిక్ జామ్, ఎవడైనా గుద్దితే అంతే సంగతులు.

షూ మీద ప్యాంటు ఎక్కడం లేదా? పాదానికి కిరాణా కవరు తొడిగి దూర్చు. జారిపోతుంది. కవరు జేబులోనే పెట్టుకో.

నల్లది కొనొద్దు. రాత్రి వానలో నల్ల కోటు వేసుకుంటే కారువాడికి మనం రోడ్డులో భాగమే. పసుపుపచ్చది వేసుకుంటే స్నేహితులు నవ్వుతారు, నవ్వనీ.

మొదటి వానకి రోడ్డు మీద ఉన్న ఆయిలంతా పైకి తేలుతుంది. ఆ మొదటి అరగంట సిగ్నల్ దగ్గర ముందు బ్రేకు గట్టిగా పట్టొద్దు. ఇది కోటు సంగతి కాదు గానీ రాయాలనిపించింది.

ఉప్పల్_బండి
జూన్ 16, ఉదయం 8:10

తమ్ముడూ, కిరాణా కవరు ఇప్పుడే చేసి చూశాను. ముప్పై ఏడేళ్లొచ్చాయి, ఇంతకాలం ఎవరూ చెప్పలేదు.

టీచరమ్మ_కాకినాడ
జూన్ 16, సాయంత్రం 5:30

ఇక్కడ అందరూ ప్యాంటు చొక్కా వాళ్లే మాట్లాడుతున్నారు. స్కూటీ మీద రోజూ 14 కిలోమీటర్లు వెళ్లి వచ్చే టీచర్ని. స్కూల్లో చీర కట్టుకోవాలి. చీర మీద రెయిన్ ప్యాంటు ఎక్కదు. ఆడవాళ్లకని అమ్మే పొడుగు కోటు మోకాలి దాకానే వస్తుంది, కింద కుచ్చిళ్లన్నీ బురద.

మొదట తలమీంచి వేసుకునే పోంచో రకం కొన్నాను. తేలిగ్గా ఉందనుకున్నాను. యానాం రోడ్డు మీద పక్కనుంచి లారీ పోతే ఆ గాలికి ముందు భాగం లేచి మొహానికి కప్పుకుంది. రెండు క్షణాలు ఏమీ కనపడలేదు. దేవుడి దయ, ఎదురుగా ఎవరూ లేరు. దాని అంచులు చక్రం వైపు ఎగురుతాయి కూడా. ఎవరూ బండి మీద అది వాడకండి. నడిచి వెళ్లేటప్పుడు వేసుకోండి.

ఇప్పుడు చుడీదార్ మీద జాకెట్, ప్యాంటు విడివిడిగా ఉన్న సూటు. చున్నీ ఇంట్లోనే. చీర, జాకెట్టు మడతపెట్టి పాలిథీన్ కవర్లో వేసి డిక్కీలో పెడతాను. స్కూలుకి వెళ్లాక స్టాఫ్ రూము తలుపేసుకుని మార్చుకుంటాను. పదిహేను నిమిషాలు ముందు బయల్దేరాలి. మగవాళ్లకి ఈ పదిహేను నిమిషాల లెక్క ఉండదు.

దుకాణాల్లో ఆడవాళ్ల సైజులు అడిగితే గులాబీ రంగు చూపిస్తారు తప్ప నడుము కొలత చూపించరు. నేను మగవాళ్ల మీడియం కొని పొట్టి చేయించుకున్నాను.

కుట్టు_మాస్టర్
జూన్ 16, రాత్రి 9:14

టీచరు గారూ, పొట్టి చేయించారు సరే, కుట్టిన చోట టేపు వేయించారా? సూది పోయిన ప్రతిచోటా చిల్లే. మాది గుంటూరులో బ్యాగులు, టార్పాలిన్లు, రెయిన్‌కోట్లు కుట్టే షాపు, ఇరవై ఆరేళ్లుగా ఇదే పని.

ఉప్పల్ తమ్ముడి తొడల సంగతి చెప్తాను. ప్యాంటులో నాలుగు ముక్కలు వచ్చి ఒకచోట కలుస్తాయి చూడు, కాళ్ల మధ్యన. అక్కడ నాలుగు కుట్లు, నాలుగు టేపులు ఒకదాని మీద ఒకటి పడతాయి. మిషను మీద అక్కడ టేపు సరిగా అతకదు. నువ్వేమో బండి మీద ముందుకు వంగి కూర్చుంటావు. పొట్ట మీద పడ్డ నీళ్లు, ట్యాంకు మీంచి జారిన నీళ్లు అన్నీ ఒళ్లో గుంటలా నిలుస్తాయి. కింద సీటు, పైన నీ బరువు. నీళ్లని నొక్కి నొక్కి ఆ కుట్లలోంచి లోపలికి పంపిస్తున్నావు. నా దగ్గరికి వచ్చే ప్యాంట్లలో ఎక్కువ భాగం కారేది అక్కడే.

కొనేటప్పుడు చూడవలసింది: కాళ్ల మధ్య కుట్టు ఉండకుండా ఒకే పెద్ద ముక్క, వజ్రం ఆకారంలో వేసినది ఉంటుంది. అది తీసుకో. లేదా ముందు జిప్పు లేకుండా ఎలాస్టిక్ నడుము ఉన్నది. ప్యాంటుకి ముందు జిప్పు ఉందంటే కారడానికి ఇంకో దారి పెట్టినట్టే.

రెండో సంగతి. సీటు కవరు కుట్లలోంచి స్పాంజి నీళ్లు తాగుతుంది. వాన ఆగినా రెండు రోజులు కింద నుంచి తడుస్తూనే ఉంటుంది. కోటుని తిట్టుకుంటూ ఉంటావు. పార్కింగులో సీటుకి ఒక కవరు కట్టు.

ఉన్న ప్యాంటుకి నేనైతే పాత టేపు పీకి, కొత్త టేపు పెట్టి, పైన నూలు గుడ్డ వేసి సన్నటి వేడి మీద ఇస్త్రీ చేస్తాను. ఇంట్లో చేసుకోవాలంటే పాత గుడ్డ ముక్క మీద ముందు చూసుకోండి. వేడి ఎక్కువైతే ప్యాంటే పోతుంది.

లీడ్స్_గోదారి
జూన్ 16, రాత్రి 9:50

మాస్టారూ, ఇక్కడ వేల రూపాయల ప్యాంట్లు కూడా సరిగ్గా అక్కడే కారతాయి. ప్రపంచమంతా ఒకటే తొడలు.

నిర్వాహకుడు
జూన్ 17, ఉదయం 9:00

ఎవరో డిస్కౌంట్ లింకులు మూడు పెట్టారు, తీసేశాను. కంపెనీ పేర్లు చెప్పుకోండి, అమ్మకాలు మాత్రం ఇక్కడ వద్దు.

ఉప్పల్_బండి
జులై 9, రాత్రి 11:05

అప్డేట్. 20 వేల ఆలోచన మానేశాను. 6 వేలకి మెష్ జాకెట్, దాని మీదకి పీయూ పూత ఉన్న జాకెట్, ప్యాంటు, పసుపుపచ్చవే. మాస్టర్ గారు చెప్పిన వజ్రం ముక్క ఉందో లేదో షాపులో ప్యాంటు తిరగేసి చూస్తుంటే సేల్స్ అబ్బాయి విచిత్రంగా చూశాడు.

మూడు వారాల అనుభవం: తొడలు పొడి. నిజంగా పొడి.

కానీ నిన్న అమీర్‌పేట సిగ్నల్ దగ్గర వెనకాయన "బాస్, కాలుతోంది" అన్నాడు. కుడికాలి ప్యాంటు అంచు గాలికి సైలెన్సర్ బెండు పైపుకి తగిలి కరిగిపోయింది. అరచేయంత చిల్లు. వాసన ఇంకా పోలేదు, బండి ఎక్కినప్పుడల్లా కాలిన ప్లాస్టిక్ కంపు. ఫెవిక్విక్ పెట్టొచ్చా?

కుట్టు_మాస్టర్
జులై 10, ఉదయం 6:40

పెట్టకు. రాయిలా గట్టిపడి చుట్టూ పగులుతుంది. అదే రకం గుడ్డ ముక్క లోపలి నుంచి వేసి టేపు వేయించు. సైకిల్ పంక్చర్ ప్యాచీ పాతకాలం రబ్బరు కోట్లకి పట్టేది, ఈ పీయూ, పీవీసీలకి నిలవదు. చిల్లు పూడ్చాక చీలమండ దగ్గర వెల్క్రో పట్టీ వేయించు, అంచు కాలికి అంటిపెట్టుకుని ఉంటుంది. ఈ పని కొన్న రోజే చేయించాలి.

డెలివరీ_తమ్ముడు
జులై 10, మధ్యాహ్నం 3:20

రబ్బరు బ్యాండు చాలు అన్నా. కొరియర్ డబ్బాలకి వచ్చేవి.

ఉప్పల్_బండి
జులై 22, రాత్రి 9:35

ఇప్పుడు నా సమస్య వాన కాదు, ఆఫీసు. తడి కోటు ఎక్కడ ఆరేయాలి? మొదటిరోజు మెట్ల దగ్గర రెయిలింగ్ మీద వేశాను. సెక్యూరిటీ అన్న వచ్చి "సార్, పైనుంచి ఆర్డరు" అన్నాడు. రెండోరోజు కుర్చీకి తగిలించాను, పక్కనావిడ ముక్కు మూసుకుంది. మడిచి డిక్కీబ్యాగులో పెడితే సాయంత్రానికి ముక్కిన వాసన, తడి చర్మానికి చల్లగా అంటుకుంటుంది. నిజం చెప్తున్నా, ఇంటికి వెళ్లేటప్పుడు తడి కోటు తొడుక్కోవడం కంటే వానలో తడవడం నయం అనిపిస్తుంది.

మెష్_మనిషి
జులై 22, రాత్రి 10:02

అసలు ఈ మొత్తం యవ్వారంలో సగం ఇదే. కోటు కంపెనీలు చెప్పనిది ఇదే. నేను బేస్‌మెంట్ పార్కింగులో బండికే ఆరేస్తాను. జాకెట్ని హ్యాండిల్‌కి తిరగేసి, ప్యాంటుని వెనక సీటు మీద. లోపలి వైపు బయటికి రావాలి, ఎందుకంటే బయటి వైపు దులిపితే పోతుంది, చెమట ఉన్నది లోపలే. నాలుగేళ్లలో ఎవరూ ఎత్తుకుపోలేదు. చెమట కోటు ఎవడిక్కావాలి.

టీచరమ్మ_కాకినాడ
జులై 23, ఉదయం 6:15

మా స్టాఫ్ రూములో తాడు కట్టించాను. మొదట అందరూ గొణిగారు. ఇప్పుడు తొమ్మిది కోట్లు వేలాడుతున్నాయి, హెడ్‌మాస్టరు గారిది కూడా. మీ ఆఫీసులో అడిగి చూడండి. బండి మీద వచ్చేవాళ్లు మీరొక్కరే కాదు కదా.

విశాఖ_ఉప్పుగాలి
జులై 23, సాయంత్రం 7:20

తడి కోటు మడిచి స్కూటర్ డిక్కీలో పెట్టేవాళ్లకి ఒక హెచ్చరిక. కింద ఇంజను వేడి, లోపల తడి, గాలి ఆడదు. పీయూ పూతకి ఈ మూడూ కలిస్తే విషం. తేమా వేడీ కలిసి ఆ పూతని కొంచెం కొంచెంగా విడగొడతాయి. మొదట జిగురు జిగురుగా అవుతుంది, తర్వాత పొరలు పొరలుగా రాలుతుంది. ఒకసారి మొదలైతే వెనక్కి రాదు.

కుట్టు_మాస్టర్
జులై 23, రాత్రి 8:45

నిజం. సీజన్ అయిపోయాక కూడా అంతే. హ్యాంగర్‌కి తగిలించి నీడలో ఉంచండి. మడతపెట్టి మూటకట్టొద్దు.

గంబూట్_గురు
ఆగస్టు 3, ఉదయం 10:10

కాళ్ల గురించి ఎవరూ రాయలేదు. నేను సిలికాన్ షూ కవర్లు వాడాను. నీళ్లు ఆపుతాయి, కానీ అడుగు నున్నగా ఉండి తడి ఫుట్‌రెస్ట్ మీద జారుతుంది. సిగ్నల్లో కాలు దించితే సర్రున పోయింది, బండి పడబోయింది. తర్వాత గంబూట్లు వేసుకున్నాను. బురదకి రాజా, కానీ ముందుభాగం లావు, గేరు లివరు కింద దూరదు.

చివరికి తేలింది: వెనక పట్టీ ఉన్న చెప్పులతో వెళ్లి ఆఫీసులో షూ మార్చుకోవడం. ఒక జత షూ డెస్కు కింద పడుంటుంది. దెబ్బ తగిలితే వేళ్లకి రక్షణ లేదు, అది ఒప్పుకుంటాను. చీలమండ దాకా వచ్చే వాటర్‌ప్రూఫ్ బూట్లు మంచివని అందరూ అంటారు, ఇంకా కొనలేదు.

గ్లవ్స్ విషయంలో ఒక్క మాట. కోటు చేయి గ్లవ్ పైన ఉండాలి. గ్లవ్ పైన, చేయి లోపల పెడితే భుజం మీద పడ్డ వానంతా గొట్టంలోంచి వచ్చినట్టు వేళ్ల కొసలకి చేరుతుంది.

ఉప్పల్_బండి
ఆగస్టు 3, మధ్యాహ్నం 1:30

గురూ, హెల్మెట్ గ్లాసు సంగతి కూడా చెప్పండి. ఊపిరికి మసకబారి కేబుల్ బ్రిడ్జి మీద గుడ్డివాడిలా వెళ్తున్నాను. గ్లాసు ఎత్తితే చినుకులు కంట్లో సూదుల్లా గుచ్చుతున్నాయి.

గంబూట్_గురు
ఆగస్టు 3, మధ్యాహ్నం 2:05

మీ హెల్మెట్ గ్లాసుకి పిన్‌లాక్ (లోపలివైపు బిగించే రెండో గ్లాసు) పెట్టే రెండు పిన్నులు ఉంటే ఆ లోపలి గ్లాసు కొనండి. రెండు పొరల మధ్య గాలి ఉంటుంది కాబట్టి మసక పట్టదు. లేకపోతే గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క లోపలివైపు రాసి, పొడి గుడ్డతో మరకలు పోయేదాకా తుడవండి. ఒకటి రెండు రోజులు పనిచేస్తుంది. ఎక్కువ రాస్తే వీధి దీపాల చుట్టూ ఇంద్రధనుస్సులు కనిపిస్తాయి. రంగు గ్లాసు మాత్రం రాత్రి పెట్టుకోకండి.

ఇంటి_మనిషి
ఆగస్టు 18, ఉదయం 11:40

మా ఆయన కోటు నేను ఉతుకుతాను కాబట్టి అడుగుతున్నా. సర్ఫ్‌లో నానబెట్టి వాషింగ్ మెషీన్లో వేశాను. ఇప్పుడు నీళ్లు జారడం లేదు, బట్ట తాగేస్తోంది. నేనే పాడుచేశానా?

లీడ్స్_గోదారి
ఆగస్టు 18, సాయంత్రం 4:15

కొంత అవునండీ, కానీ కంగారుపడకండి. సబ్బు పొడి మిగిలిపోతే నీటిని పిలుస్తుంది. మెత్తదనం కోసం పోసే కండిషనర్ అయితే ఇంకా ఘోరం. మంచినీళ్లతో రెండు మూడుసార్లు జాడించి చూడండి. ఇలాంటి బట్టలకే నిక్‌వాక్స్, గ్రేంజర్స్ లాంటి వాష్‌లు, పూతలు ఉంటాయి. అవి కాస్త ఖరీదు. 2 వేల కోటుకి వెయ్యి రూపాయల సబ్బు అవసరమా అంటే నేను ఏమీ అనను.

కుంకుడు_రసం
ఆగస్టు 18, సాయంత్రం 6:00

పట్టుచీరలే కుంకుడు రసంతో ఉతుకుతాం. కోటుకీ అదే.

విశాఖ_ఉప్పుగాలి
ఆగస్టు 18, సాయంత్రం 6:25

కుంకుడు రసం కూడా నురుగు వచ్చేదే కదా, అది మిగిలినా అదే గోల. తడి గుడ్డతో తుడిచి, చెమట పట్టిన చోట మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరేస్తే చాలు. పిండొద్దు.

బెజవాడ_బుల్లోడు
సెప్టెంబరు 2, రాత్రి 8:30

కోటు బాగుంది కదా అని ధైర్యం చేసేవాళ్లకి ఒక మాట. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు చూశాను. రోడ్డు ఎక్కడుందో, కాలవ ఎక్కడుందో తెలియలేదు. మోకాలి లోతు నీళ్లలో మూత లేని మ్యాన్‌హోల్ ఉంటే కోటు ఏం చేస్తుంది? ఆరోజు లీవు పెట్టాలి.

నెల్లూరు_పెద్దాయన
నవంబరు 12, ఉదయం 7:45

మీ హైదరాబాదు వాళ్లు కోట్లు దాచేస్తున్నారు, మాకు ఇప్పుడే మొదలు. మాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. షాపుల్లో సరుకు మాత్రం జూన్‌లోనే వస్తుంది, మేం అడిగేసరికి పెద్ద సైజులే మిగులుతాయి. ఈ ఏడు లార్జ్ మనిషిని త్రిబుల్ ఎక్సెల్ వేసుకుని తిరుగుతున్నా. గాలికి గుడారంలా ఉబ్బుతోంది.

లాప్‌టాప్ బ్యాగుకి పైన తొడిగే కవరును నమ్మొద్దు. వీపు వైపు దానికి కవరు ఉండదు. మెడ మీంచి కారిన నీళ్లన్నీ ఆ మెత్తని స్పాంజిలోంచి లోపలికి పోతాయి. బ్యాగు లోపలే పెద్ద చెత్త కవరు పెట్టి, అందులో లాప్‌టాప్ పెట్టి మెలిపెట్టండి.

ఉప్పల్_బండి
డిసెంబరు 20, రాత్రి 11:58

వాన లేదు, కోటు మాత్రం రోజూ వాడుతున్నాను. నైట్ షిఫ్టు నుంచి వచ్చేటప్పుడు చలికి మెష్ జాకెట్ జల్లెడలా ఉంటుంది. దాని మీద రెయిన్ జాకెట్ తొడిగితే గాలి ఆగిపోతుంది, లోపల స్వెటర్ అక్కర్లేదు. చలిలో ఉడకదు కూడా. విశాఖ మాస్టారి లెక్క ఇప్పుడు అర్థమైంది.

ఆఫీసులో తాడు అడిగాను. తాడు ఇవ్వలేదు గానీ బేస్‌మెంట్‌లో ఒక కొక్కేల స్టాండు పెట్టారు. వానలన్నీ అయిపోయాక పెట్టారు, అది వేరే విషయం.

ఉప్పల్_బండి
మే 29, రాత్రి 9:20

రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ. అయినా ముందుచూపుతో ఈరోజు సరంజామా బయటికి తీశాను. ప్యాంటు హ్యాంగర్‌కి తగిలించాను కాబట్టి కొత్తదానిలా ఉంది. మాస్టర్ చెప్పిన పద్ధతిలోనే ఇక్కడ వేయించిన ప్యాచ్ కూడా అలాగే ఉంది.

జాకెట్ ఫిబ్రవరిలో మడిచి మా ఆవిడ స్కూటర్ డిక్కీలో పెట్టి మర్చిపోయాను. ఇప్పుడు విప్పుతుంటే లోపలి పొర ఒకదానికొకటి అతుక్కుని చర్‌మని చప్పుడు వస్తోంది. వేలికి జిగురు అంటుతోంది. భుజం దగ్గర కాగితంలా రాలిపోతోంది.

మాస్టారూ, ఏమైనా చేయొచ్చా?

కుట్టు_మాస్టర్
మే 30, ఉదయం 6:30

ఏమీ చేయలేం. జిప్పు, మెడ పట్టీ, చేతుల దగ్గర వెల్క్రో పట్టీలు కత్తిరించి దాచుకో. ప్యాంటుకి పనికొస్తాయి.